అవుటపల్లి తంబి కథ ఎవరు రాయాలి?

సంక్రాంతి నాటికి నూజివీడు చుట్టుపక్కల తోటలు పూత మీద ఉంటాయి. చిన్న రసాలూ బంగినపల్లీ ఏ మేరకు నిలుస్తాయో, తేనెమంచు పురుగు ఎంత తింటుందో, పొగమంచు ఎన్నాళ్లు పడుతుందో అని ఆగిరిపల్లి నుంచి చాట్రాయి దాకా రైతు రోజూ కొమ్మల వంక చూసుకునే రోజులవి. సరిగ్గా అదే వారంలో గన్నవరం దగ్గరి పెద అవుటపల్లికి జనం బారులు తీరుతారు. 1945 జనవరి 15న ఆ ఊళ్లో కన్నుమూసిన బ్రదర్ జోసఫ్ తంబి సమాధి దగ్గర ఏటా జరిగే ఉత్సవం అది. ఆయన గురువు కాదు, మఠంలో చేరిన సన్యాసీ కాదు. అస్సీసీ ఫ్రాన్సిస్ మూడవ సభకు చెందిన గృహస్థ భక్తుడు. పుట్టింది తెలుగు గడ్డ మీద కాదు గానీ చివరి రోజులు గడిపిందీ, మట్టిలో కలిసిందీ ఇక్కడే. ఆయన బీదాబిక్కీతో కలిసి బతికాడనీ, ఒంటి మీద క్రీస్తు గాయాలు కనిపించేవనీ భక్తులు చెప్పుకుంటారు. కతోలిక సభ ఆయనకు ‘దైవసేవకుడు’ అనే హోదా ఇచ్చింది. పునీతుల జాబితాకు వెళ్లే దారిలో అది తొలి మెట్టు. ఆ ఊరున్న ఉంగుటూరు మండలం 2022లో జిల్లాలు విడిపోయేదాకా నూజివీడు రెవెన్యూ డివిజన్‌లోనే ఉండేది. అంటే మామిడి సీమకు తనదైన పునీతుడు దొరికే అవకాశం ఉంది. ఆ పునీతుడికి తగిన పుస్తకం దొరుకుతుందా అన్నదే ఇక్కడి ప్రశ్న.

ఇలాంటి తిరునాళ్లలో కొవ్వొత్తులు, జపమాలలు, మెడలో వేసుకునే పతకాలు అమ్మే బల్లల మీద ఓ పక్కన సన్నటి పుస్తకాలు పేర్చి ఉంటాయి. అంతోనివారి మీద, చిన్న తెరేసమ్మ మీద, సెబస్తియాను మీద, ఇప్పుడు తంబి మీద. అట్ట మీద రంగుల బొమ్మ, లోపల జననం, బాల్యం, దేవుని పిలుపు, పడిన కష్టాలు, చేసిన అద్భుతాలు, మరణం, చివర్లో నవదిన ప్రార్థన. కొన్నవాళ్లు ఇంటికెళ్లి ఆఖరి పేజీలు ముందు తెరుస్తారు, ప్రార్థన అక్కడే ఉంటుంది కాబట్టి. మన విమర్శకులు ఈ పుస్తకాలను సాహిత్యంగా లెక్కవేయరు. రాయించిన సంఘం కూడా సాహిత్యంగా లెక్కవేయదు. రెండు పక్షాలకీ అవి పూజాసామగ్రే. ఈ వైఖరి తప్పని నా వాదన. పునీతుల చరిత్ర ప్రపంచ సాహిత్యాన్ని పెంచిన ప్రక్రియల్లో ఒకటి. తెలుగులో ఆ ప్రక్రియకు ఎనిమిది వందల ఏళ్ల సొంత చరిత్ర ఉంది. అయినా తెలుగు క్రైస్తవ పునీతుడి కథ ఇంకా చిన్న పుస్తకం దాటి బయటికి రాలేదు. ఇందుకు కారణం కథలో పస లేకపోవడం కాదు, కథ చెప్పే బాధ్యతను ఎవరూ తీసుకోకపోవడం.

పుస్తకం ఏం చేయగలదో చెప్పడానికి రెండు సంఘటనలు చాలు. నాలుగో శతాబ్దిలో అలెగ్జాండ్రియా పీఠాధిపతి అథనాసియస్, ఈజిప్టు ఎడారిలో తపస్సు చేసుకున్న ఆంథోనీ చరిత్ర రాశాడు. కొద్ది ఏళ్లలోనే అది లాటిన్‌లోకి వెళ్లింది. ట్రియర్ నగరంలో ఇద్దరు రాజోద్యోగులు షికారుకు వెళ్లి ఒక గుడిసెలో ఆ పుస్తకం చూసి, చదువుతూ చదువుతూ అక్కడికక్కడే కొలువు వదిలేశారని అగస్టీన్ తన ఆత్మకథ ఎనిమిదో భాగంలో చెప్పుకున్నాడు. ఆ సంగతి విన్న కలవరంలోనే అగస్టీన్ జీవితమూ మలుపు తిరిగింది. ఒక జీవితచరిత్ర గురించి విన్నందువల్ల పాశ్చాత్య ప్రపంచంలో తొలి గొప్ప ఆత్మకథకు బీజం పడిందన్నమాట. రెండోది 1521 నాటిది. పాంప్లోనా కోట దగ్గర ఫిరంగి గుండు తగిలి కాలు విరిగిన ఒక స్పానిష్ సైనికుడు మంచాన పడి, కాలక్షేపానికి వీరుల సాహస గాథలు తెమ్మన్నాడు. ఆ ఇంట్లో అవి లేవు. ఉన్నవి రెండే: ఒక క్రీస్తు చరిత్ర, ఒక పునీతుల కథల సంపుటి. ఆ రెండో పుస్తకం పదమూడో శతాబ్దిలో జెనోవా నగరానికి చెందిన జాకోబస్ సంకలనం చేసిన ‘స్వర్ణ గాథ’కు స్పానిష్ రూపం. ఐరోపాలో అచ్చు యంత్రం రాకముందే వందల కొద్దీ రాతప్రతులుగా తిరిగిన గ్రంథం. వీరుల కథలు చదవాలనుకున్నవాడు పునీతుల కథలు చదివి లేచాడు. అతడి పేరు ఇగ్నేషియస్ లొయోలా. కాలు బాగయ్యాక జెస్యూట్ సభను స్థాపించాడు.

ఆ మంచం దగ్గర మొదలైన దారి మన ఊళ్లదాకా వచ్చింది. పద్దెనిమిదో శతాబ్దంలో ఫ్రెంచి జెస్యూట్లు కర్ణాటక మిషన్ పేరుతో రాయలసీమలో పనిచేశారు. అక్కడ క్రైస్తవం పుచ్చుకున్న రెడ్డి కుటుంబాల్లో కొన్ని తర్వాత తరలివచ్చి గుంటూరు ప్రాంతంలో ఫిరంగిపురం, రెంటచింతల వంటి చోట్ల స్థిరపడ్డాయి. ఆ ఊళ్ల ఓటర్ల జాబితా చదివితే పునీతుల పట్టిక చదివినట్టే ఉంటుంది. ఇన్నయ్య, ఇన్నారెడ్డి అంటే ఇగ్నేషియస్. రాయప్ప పేతురు, చిన్నప్ప పౌలు, శౌరి అంటే ఫ్రాన్సిస్ జేవియర్, జోజి అంటే యోసేపు. ఈ పేర్లు పెట్టుకున్నవాళ్లలో హిందువుల ఇళ్లలో పుట్టినవాళ్లూ, నాస్తికులుగా మారినవాళ్లూ ఉన్నారు. పెట్టుకున్నవాడికి మూలం తెలియనంతగా పేరు ఇంకిపోయింది. విజయవాడలో గుణదల కొండకు దగ్గర్లో 1953లో వెలసిన ఆంధ్ర లొయోలా కళాశాల బోర్డు మీద ఉన్నదీ ఆ కాలు విరిగిన సైనికుడి పేరే. ఒక పుస్తకం ఇంత పని చేశాక దాన్ని ప్రార్థనల అరలోకి నెట్టేసి ఊరుకోవడం కుదరదు.

ఇంకో దారి దీనికి ఎదురుదిశలో, ఇక్కడి నుంచి అక్కడికి నడిచింది. కతోలిక సభ పునీతుల పట్టికలో నవంబరు 27న బర్లాం, జోసఫాత్ అనే ఇద్దరి పేర్లు చాలాకాలం ఉన్నాయి. జోసఫాత్ ఒక భారతీయ రాజకుమారుడు. కొడుకు క్రైస్తవుడు అవుతాడని జ్యోతిష్కుడు చెప్పినందుకు తండ్రి అతణ్ని దుఃఖం కనిపించని అంతఃపురంలో పెంచుతాడు. ఒకనాడు బయటికి వెళ్లిన కుమారుడికి రోగం, ముసలితనం, చావు సంగతులు తెలుస్తాయి. చదువుతుంటే తెలుగు పాఠకుడికి అనుమానం రాకుండా ఉండదు. అవును, అది సిద్ధార్థుడి కథ. మధ్య ఆసియా దారుల్లో పర్షియన్ ప్రాంతాలకు, అక్కడి నుంచి అరబ్బీలోకి, జార్జియన్‌లోకి, గ్రీకులోకి, లాటిన్‌లోకి వెళ్లేసరికి బోధిసత్త్వుడు క్రైస్తవ పునీతుడయ్యాడు. కృష్ణా తీరంలో అమరావతి శిల్పులు ఏ మహాభినిష్క్రమణాన్ని సున్నపురాయి మీద చెక్కారో, దాన్నే ఐరోపా గుడుల్లో జోసఫాత్ పేరుతో విన్నారు. ఆ గ్రంథంలో పొదిగిన చిన్న కథలు విడివిడిగా కూడా ప్రయాణం చేశాయి. షేక్‌స్పియర్ ‘మర్చంట్ ఆఫ్ వెనిస్’లో మూడు పేటికల ఘట్టానికి మూలాన్ని వెతికినవాళ్లు ఈ గ్రంథం దగ్గరికే వస్తారు. నూతిలో వేలాడుతూ, పట్టుకున్న తీగను ఎలుకలు కొరుకుతుంటే తేనెచుక్కలు నాకే మనిషి కథను టాల్‌స్టాయ్ తన ఆత్మనివేదనలో వాడుకున్నాడు. ఆ కథే భారతం స్త్రీపర్వంలో విదురుడు ధృతరాష్ట్రుడికి చెబుతాడు. పునీతుల కథలు విదేశీ సరుకు, మనకెందుకు అనేవాళ్లకు జవాబు ఇక్కడే ఉంది. ఈ సరుకులో కొంత మన ఊళ్లో బయల్దేరినదే.

పోనీ, బయటి సంగతి అలా ఉంచుదాం. తెలుగులో భక్తుల చరిత్ర ఏనాడో మహాకావ్యమైంది. పాల్కురికి సోమనాథుడు ‘బసవపురాణం’లో చేసింది ఏమిటి? బసవన్న ఒక్కడి కథ చెప్పి ఆగలేదు. చాకలి మడివాలు మాచయ్య, వేటగాడు కన్నప్ప, కిన్నర బ్రహ్మయ్య, నిమ్మవ్వ, బెజ్జ మహాదేవి — ఇంతమంది భక్తులను ఒకే ద్విపద ప్రవాహంలోకి దింపాడు. శివుడికి తల్లి లేదే అని బాధపడి తానే తల్లి అయి ఆ దేవుడికి స్నానం చేయించి పాలు పట్టిన బెజ్జ మహాదేవి కథ చదివాక, చేతుల్లో బాలయేసుతో నిలబడ్డ పాదువా అంతోనివారి స్వరూపం తెలుగువాడికి కొత్తగా తోచదు. అంతోని 1231లో చనిపోయాడు. సోమనాథుడిదీ ఆ శతాబ్దమేనని ఎక్కువమంది పండితులు అంటారు. సముద్రాలకు అటూ ఇటూ ఇద్దరు మనుషులకు దేవుణ్ని ఎత్తుకోవాలన్న ఊహ దాదాపు ఒకే కాలంలో కలిగింది. ‘బసవపురాణం’ మత ప్రచార గ్రంథం కాదా అంటే, ముమ్మాటికీ అవును. అన్యమతాల మీద సోమనాథుడు చూపినంత కోపం ఏ మిషనరీ కరపత్రంలోనూ కనిపించదు. అయినా దాన్ని మనం సాహిత్యం అన్నాం. వెల్చేరు నారాయణరావు, జీన్ రోఘైర్ కలిసి చేసిన ఇంగ్లిష్ అనువాదాన్ని 1990లో అమెరికాలోని ఒక విశ్వవిద్యాలయ ముద్రణాలయం అచ్చువేసింది. కారణం ఒక్కటే. సోమనాథుడు భక్తుణ్ని మనిషిగా చూపించాడు. కులం, వృత్తి, తిండి, మాట తీరు, మూర్ఖత్వం, పంతం — ఏదీ కడిగేయలేదు.

ఈ ఒరవడి చేతిలో ఉండి కూడా తెలుగు క్రైస్తవ రచన దాన్ని ఎందుకు అందుకోలేదు? మొదట్లో అందుకునే ప్రయత్నం జరిగింది. పింగళి ఎల్లనార్యుడి ‘తోభ్య చరిత్ర’ బైబిలు సంప్రదాయంలోని ఒక నీతిమంతుడి కథను తెలుగు ప్రబంధ పద్ధతిలో చెప్పింది. దాని కాలం మీద పండితుల తగాదా ఇంకా తేలలేదు గానీ, తుమ్మ రాయపరెడ్డి కోసం రాసిన కావ్యం అన్నది దాని ప్రసిద్ధి. ఆ కృతిభర్త పేరులోనే పేతురు ఉన్నాడు. పద్దెనిమిదో శతాబ్దిలో మంగళగిరి ఆనంద కవి ‘వేదాంత రసాయనం’లో క్రీస్తు చరిత్రను పద్యకావ్యం చేశాడు. ఆపైన దారి మూసుకుపోయింది. పక్కన తమిళంలో అలా జరగలేదు. ఇటలీ నుంచి వచ్చిన జెస్యూట్ బెస్కి, వీరమామునివర్ అని పేరు పెట్టుకుని, 1726లో యోసేపు పునీతుడి మీద ‘తేంబావణి’ అనే మహాకావ్యం రాశాడు. మూడు వేల ఆరు వందలకు పైగా పద్యాలు. తమిళ సాహిత్య చరిత్రలో దాన్ని తప్పించుకుని పోవడం ఎవరికీ వీలుకాదు. మన సాహిత్య చరిత్రల్లో ‘వేదాంత రసాయనం’ ఒకటి రెండు పేరాలతో సరి.

పంతొమ్మిదో శతాబ్దిలో కృష్ణా తీరానికి ప్రొటెస్టెంట్ మిషన్లు వచ్చాయి. 1841లో రాబర్ట్ నోబుల్, హెన్రీ వాట్సన్ ఫాక్స్ మచిలీపట్నంలో దిగారు. ఫాక్స్ ఏడేళ్లకే చనిపోతే అతడి అన్నదమ్ముడు జీవితచరిత్ర రాశాడు. 1865లో నోబుల్ పోతే అతడికీ అన్నదమ్ముడే రాశాడు. రెండూ ఇంగ్లిష్‌లోనే. రాసినవాళ్లు సొంతవాళ్లు, చదివేవాళ్లు చందాలిచ్చే ఇంగ్లండు భక్తులు. తెలుగు విద్యార్థి, తెలుగు పంతులు, తెలుగు వంటమనిషి వీటిలో తెర వెనక నీడలు. దీనికి మినహాయింపు అనదగ్గ పుస్తకం ఒకటుంది. ఒంగోలు మిషన్ నాయకుడు క్లౌ భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో లండన్‌లో ప్రచురించిన ‘వైల్ సూయింగ్ శాండల్స్’. చెప్పులు కుట్టుకుంటూ మాదిగ పెద్దలు చెప్పుకున్న కథల సంపుటి అని ఆ పేరే చెబుతోంది. అందులో యెర్రగుంట్ల పేరయ్య ఉన్నాడు. రాజయోగం సాధన చేసి, గురువుల వెంట తిరిగి, దేవుడి కోసం వెతికి వెతికి 1866లో బాప్తిస్మం తీసుకున్న మాదిగ. తన జనం మధ్య ఆయన తిరిగిన తిరుగుడు, యోగుల సంప్రదాయం నుంచి బైబిలు దాకా ఆయన నడిచిన దారి ఆ పుస్తకంలో ఉన్నాయి. సోమనాథుడు బతికి ఉంటే ద్విపదలోకి ఎత్తుకునే మనిషి పేరయ్య. ఆ పుస్తకంలో సోమనాథుడి పద్ధతి ఉంది. లేనిది తెలుగు. నోటి మాటగా తెలుగులో పుట్టిన కథ ఇంగ్లిష్‌లో అచ్చై, దూరదేశపు గ్రంథాలయాల్లో స్థిరపడింది.

ఇరవయ్యో శతాబ్దంలోనూ ఇదే తీరు. తంబి చనిపోవడానికి సరిగ్గా రెండు వారాల ముందు, 1945 జనవరి 1న, దోర్నకల్‌లో బిషప్ వి.ఎస్. అజరయ్య మరణించాడు. ఆయనా బయటివాడే, తిరునెల్వేలి మనిషి. 1912లో ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్పై తెలుగు నేర్చుకుని తెలుగు పల్లెల్లో తిరిగాడు. ఒక పక్క కతోలిక గృహస్థుడు, ఇంకో పక్క ఆంగ్లికన్ బిషప్పు, ఇద్దరూ ఒకే నెలలో తెలుగు మట్టిలో కలిశారు. అజరయ్య పోయిన ఏడాదికే కరోల్ గ్రాహం ఇంగ్లిష్‌లో ఆయన చరిత్ర రాసింది. 2000లో సూసన్ బిల్లింగ్‌టన్ హార్పర్ ‘ఇన్ ది షాడో ఆఫ్ ది మహాత్మా’ అనే పెద్ద పరిశోధన గ్రంథం తెచ్చింది. మతమార్పిడి మీద గాంధీకీ అజరయ్యకూ మధ్య నడిచిన ఘర్షణ అందులో వివరంగా ఉంది. ఇంగ్లండు సంఘం తన పంచాంగంలో జనవరి 2న అజరయ్యను స్మరించుకుంటుంది. దోర్నకల్ పల్లెల్లో ఆయనతో కలిసి నడిచిన తెలుగువాళ్ల గొంతులో ఆయన కథ వినాలనుకుంటే మాత్రం ఆ స్థాయి పుస్తకం మనకు దొరకదు.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది, అది న్యాయమైనదే. కృష్ణా, గుంటూరు జిల్లాల క్రైస్తవుల్లో ప్రొటెస్టెంట్లు ఎక్కువ. వాళ్ల సిద్ధాంతంలో పునీతుల మధ్యవర్తిత్వానికి చోటు లేదు. లూథరన్‌కో బాప్టిస్టుకో తంబి సమాధితో పనేమిటి? సిద్ధాంతం వరకు నిజమే. ఆచరణ వేరే సంగతి చెబుతుంది. బైబిల్ మిషన్ స్థాపకుడు ముంగమూరి దేవదాసు అయ్యగారి జీవిత విశేషాలను ఆ సంఘం ఎంత భక్తితో చదువుతుందో, కాకానిలో ఏటా జనవరి చివర్లో జరిగే కూడికకు ఎంతమంది వస్తారో చూసినవాళ్లు పునీతుడు అన్న పదం లేకుండా పునీతుడి చరిత్ర నడవగలదని ఒప్పుకుంటారు. సాధు సుందర్ సింగ్ కథ చెప్పని ఆదివార బడి అరుదు. హిమాలయాల్లో అదృశ్యమైన ఆ సిక్కు యువకుణ్ని తెలుగు ప్రొటెస్టెంట్ ఇళ్లు సొంతం చేసుకున్నాయి. పురుషోత్తమ చౌదరి కీర్తనలు పాడే ప్రతి సంఘమూ ఆయన జీవితాన్ని ఏదో ఒక రూపంలో చెప్పుకుంటుంది. సమాధి దగ్గర కొవ్వొత్తి వెలిగించడం, వెలిగించకపోవడం అన్నది వేదాంతుల మధ్య తేడా. పవిత్రంగా బతికిన మనిషి కథ కావాలన్న ఆకలి అందరిదీ. ఆ ఆకలి తీర్చే పని సాహిత్యానిది.

రెండో అభ్యంతరం హేతువాదిది. ఈ చరిత్రల నిండా అద్భుతాలే కదా, చూపు వచ్చిందనీ రోగం పోయిందనీ రాసిన పుస్తకాన్ని చరిత్ర అని ఎలా నమ్మాలి? నమ్మనక్కర్లేదు. ఆ ప్రశ్నను మొదట గట్టిగా వేసింది సంఘంలోని పండితులే. బొల్లాండిస్టులని పేరుపడ్డ జెస్యూట్ పండితులు 1643 నుంచి పునీతుల పాత ఆధారాలను సంపుటాలుగా వెలువరిస్తూ, ఏది నమ్మదగ్గది, ఏది కల్పితం అని జల్లెడ పట్టారు. వాళ్లలో ఒకడైన హిప్పొలిట్ దెలెహాయ్ 1905లో పునీతుల గాథలు ఎలా పుడతాయి, ఒకరి అద్భుతం ఇంకొకరికి ఎలా అంటుకుంటుంది, జనం జ్ఞాపకం ఏం ఉంచుకుని ఏం వదిలేస్తుంది అని ఒక పుస్తకమే రాశాడు. పునీత పదవి విచారణలో అభ్యర్థికి వ్యతిరేకంగా వాదించడానికే ఒక అధికారిని పెట్టుకున్న వ్యవస్థ అది. 1983లో ఆ పదవి పద్ధతి మారింది గానీ విచారణ, సాక్ష్యాలు, వైద్యుల పరీక్ష ఇంకా ఉన్నాయి. హేతువాది పని సులువే, అద్భుతాన్ని కొట్టిపారేస్తే అయిపోతుంది. రచయితకు అలా కుదరదు. ఆ ఊళ్లో, ఆ ఏడాది, ఆ జనానికి అద్భుతం ఎందుకు అవసరమైంది అని అడగాల్సింది రచయిత. 1940ల మొదట్లో యుద్ధం, తిండి గింజల కరువు, ధరలు. ఆసుపత్రి దూరం. డబ్బు లేదు. అలాంటి చోట దొరికిన ఒక మనిషి చేతి స్పర్శకు ఎంత విలువ ఉంటుందో లెక్కగట్టడం నవలాకారుడి పని. పోతులూరి వీరబ్రహ్మం జీవితాన్ని నాటకంగా, సినిమాగా చూసి ఆనందించిన మనం తంబి దగ్గర మాత్రం ప్రయోగశాల ధృవపత్రం అడగడం పక్షపాతం.

మూడో అభ్యంతరాన్ని ఈ రోజుల్లో ఎక్కువమంది పైకే అంటున్నారు. మతమార్పిడి మీద గొడవలు నడుస్తున్న కాలంలో క్రైస్తవ పునీతుల కథలను సాహిత్యం పేరుతో పైకెత్తితే అది ప్రచారానికి దారి కాదా? దీనికి గుణదల కొండ జవాబు చెబుతుంది. 1924లో అర్లాటి అనే ఇటలీ గురువు అక్కడ మరియమాత స్వరూపాన్ని నిలిపాడు. ఫిబ్రవరిలో మూడు రోజుల ఉత్సవానికి వచ్చేవాళ్లలో క్రైస్తవులు కానివాళ్లు లెక్కలేనంతమంది. కొబ్బరికాయ కొడతారు, తలనీలాలు ఇస్తారు, మొక్కు చెల్లించి దిగిపోతారు, మతం మాత్రం మారరు. మేరీమాతను ఊరి అమ్మవారి వరసలో కలిపేసుకుని ఇంటికి పోయే ఈ తెలుగు పద్ధతిని సంఘ పెద్దలు కొందరు ఇబ్బందిగా చూస్తారు, మతమార్పిడిని వ్యతిరేకించేవాళ్లు అనుమానంగా చూస్తారు. సాహిత్యానికి ఇంతకన్నా పసందైన వస్తువు ఏముంది? ఒక కథను భక్తులకే వదిలేస్తే అది ప్రచారంగానే మిగులుతుంది. అందరూ చదివే చోటికి తెస్తే దాన్ని ప్రశ్నించడమూ మొదలవుతుంది. బెర్నార్డ్ షా 1923లో ‘సెయింట్ జోన్’ నాటకం రాసింది జోన్‌ను పునీతురాలిగా ప్రకటించిన మూడేళ్లకే. ఆ నాటకం చూసి ఎవరూ కతోలికులైపోలేదు. ఒక పల్లెపిల్లను చంపిన న్యాయస్థానం తనను తాను నీతిమంతమని ఎలా నమ్మించుకుందో మాత్రం లోకానికి తెలిసింది.

తెలుగులో ఈ పని అసాధ్యం కాదని చూపించినవాళ్లూ ఉన్నారు. జాషువా ‘క్రీస్తు చరిత్ర’కు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. అంటరానితనం అనుభవించిన కవి చేతిలో క్రీస్తు కథ భక్తిపద్యంగా మిగలకుండా న్యాయం అడిగే గొంతు అయింది. ఉన్నవ లక్ష్మీనారాయణ 1922 నాటి ‘మాలపల్లి’లో రామదాసు భక్తి, సంగదాసు బలి చదివినప్పుడు, అది క్రైస్తవ నవల కాకపోయినా, విశ్వాసం కోసం ప్రాణమిచ్చిన వేదసాక్షి చరిత్ర నడిచే దారి మనకు తెలిసిపోతుంది. పునీతుడి కథకు కావలసిన పరికరాలన్నీ తెలుగు వచనంలో ఉన్నాయి. అన్నట్టు, విశ్వనాథ సత్యనారాయణ పుట్టిన నందమూరు కూడా ఆ ఉంగుటూరు మండలంలోనిదే. దేవాలయం, దాని చుట్టూ అల్లుకున్న ఊరు, అందులో దైవం పూనినవాళ్లు — వీటి మీద వెయ్యి పేజీలు రాయగల రచయితను కన్న నేల అది. పక్క ఊళ్లో చిరిగిన అంగీతో తిరిగిన ఒక బీద పరదేశి ఆ నేలకు కథగా తోచకపోవడమే వింత.

అయితే ఎలాంటి పుస్తకం కావాలి? తంబి ఎక్కడి నుంచి వచ్చాడో, ఏ భాష మాట్లాడాడో, తెలుగు ఎంత వచ్చో, ఊళ్లో ఏ వాడ అతణ్ని మొదట చేరదీసిందో, ఎవరు వెక్కిరించారో, ఊరి చర్చి గురువుల్లో ఎవరు నమ్మారో, ఎవరు నమ్మలేదో చెప్పే పుస్తకం. కమ్మవారి పొలాలు, మాల మాదిగ పల్లెలు, రైలు కట్ట, కాలవలు, యుద్ధకాలపు ధరలు అన్నీ కనిపించే పుస్తకం. పునీతుడి కోపం, అలసట, అనుమానం కూడా దాచకూడదు. సంఘ పెద్దలు ఇక్కడే వెనకాడతారు. మచ్చ కనిపిస్తే విచారణ చెడుతుందని భయం. ఆ భయం అక్కర్లేదు. అగస్టీన్ తన యౌవనాన్ని దాచుకోలేదు, పేతురు మూడుసార్లు బొంకిన సంగతిని సువార్తలు నాలుగూ రాశాయి. లోపం లేని పునీతుడు బల్ల మీద సన్న పుస్తకానికే సరిపోతాడు. పెద్ద పుస్తకానికి మనిషి కావాలి.

ఇందులో తొందర పడాల్సిన సంగతి ఒకటుంది. పునీత పదవి కోసం సేకరించే సాక్ష్యాలు విచారణ కోసం తయారవుతాయి. సాక్షి ఏం చూశాడో, ఏ మేలు పొందాడో అన్నంతవరకే వాటికి పని. ఆ సాక్షి ఆ రోజు ఏ పొలంలో కూలికి వెళ్తున్నాడు, ఇంట్లో తిన్నదేమిటి, ఆ మాట ఏ యాసలో చెప్పాడు అన్నవి దస్త్రంలోకి ఎక్కవు. సాహిత్యానికి కావలసింది సరిగ్గా అవే. 1945లో పదేళ్ల పిల్లలుగా తంబిని చూసినవాళ్లకు ఇప్పుడు తొంభై దాటి ఉంటాయి. గన్నవరం, ఉంగుటూరు, ఆగిరిపల్లి, నూజివీడు, ముసునూరు వైపు మీ ఇళ్లలో అలాంటి పెద్దవాళ్లుంటే, లేదా వాళ్ల దగ్గర విన్నవాళ్లుంటే, ఫోను ముందు పెట్టి వాళ్ల మాట వాళ్ల మాటగానే రికార్డు చేయండి. సరిదిద్దకండి, భక్తి భాషలోకి మార్చకండి. తాతల నాటి పెట్టెల్లో పాత పునీతుల చరిత్రలు, కీర్తనల పుస్తకాలు, సంఘ పత్రికలు ఉంటే పాత కాగితాల వాడికి వేయకుండా, వేటపాలెం సారస్వత నికేతనం లాంటి పాత గ్రంథాలయానికో మీ దగ్గరి కళాశాల గ్రంథాలయానికో చేర్చండి. రాసేవాడు ఎప్పుడో ఒకప్పుడు వస్తాడు. అతడు వచ్చేసరికి ఆధారాలు ఉండాలి.